వెనక రాసిన బాకీ

దినాం ఏడెనిమిది వందల మందికి టికెట్ కొడత.
నాలుగేండ్ల షారోను మూతికి
ఒక్క మాస్కు పెట్టలేకపోయిన.

మొదటి వారం యుద్ధమే.
కాళ్లు నేను, తల వాళ్ల నాయన,
నడుమ ఆ ప్లాస్టిక్ గొట్టం.
మందు సగం గాలికి, సగం ఏడుపుకు.

"ఏడ్చే పిల్ల లోపలికి మందు సరిగ్గా పోదమ్మా,"
అన్నది నీలోఫర్‌ల డాక్టరమ్మ.
"బలవంతం చేస్తే పారిపోవడమే నేర్చుకుంటది.
చిన్నదేదో ఒకటి ఇయ్యి, అప్పటికప్పుడు ఇయ్యి.
మాస్కు ముట్టుకున్నా ఇయ్యి.
రేపు ఇస్తానంటే
ఈ వయసుకు రేపు తెల్వదు."

చిన్నదంటే ఏమియ్యాలె?
చాక్లెట్ ఇస్తే పండ్లు పాయె,
బొమ్మలు కొంటే జీతం పాయె.
మిషన్లు రాకముందు మా నాయన వాడిన ఇనుప పంచ్
బీరువా అడుగున తుప్పు పట్టి ఉండె.
కొబ్బరినూనె రాసిన. టక్‌మన్నది.
షారోను తల తిప్పి చూసింది.

పాత పెండ్లి పత్రికలు కత్తిరించి టికెట్లు చేసిన.
ఒకదాని మీద సగం వధువు పేరు,
ఒకదాని మీద విందు టైము.
ఉప్పల్‌ల ఎక్కిచ్చుడు, కోఠిల దించుడు,
ఊపిరికొక స్టాపు:
రామంతాపూర్... అలీ కేఫ్... ఛే నంబర్...
గోల్నాక... నింబోలి అడ్డ...
మెల్లగ గుంజు బిడ్డా, కాచిగూడ కాడ రష్ ఉంటది...
బడీ చౌడి... కోఠి!
టక్.
నీళ్లు పుక్కిలించి ఉమ్మితే ఇంకోసారి టక్.

"మందుకు లంచమా?" అన్నది మా అత్త.
"మేం ముక్కు మూసి పోస్తుంటిమి."
నేనేమనలే.
ఒక్కసారి, మంచి కలెక్షన్ తెచ్చినందుకు
డిపోల అందరు నాకు చప్పట్లు కొట్టిన్రు.
ఆ ఏడాదంత నేను ఆ చప్పట్ల మీదనే నడిచిన.

ఒకనాడు మాస్కు పెట్టుకొని
ఊపిరి బిగబట్టి టికెట్ అడిగింది.
టికెట్ లేని ప్రయాణాలు మస్తు చూసిన గని
ప్రయాణం లేని టికెట్ అడిగింది ఇదొక్కతే.
నవ్వు ఆపుకొని, బండి మళ్ల ఉప్పల్‌కు తిప్పిన.

ఇంకోనాడు డబుల్ డ్యూటీ చేసి వచ్చి
గట్టిగ అరిచిన, టికెట్ల డబ్బా విసిరిన.
రెండు రోజులు గొట్టం దగ్గరికి రాలే.
నేనే కింద కూసొని ఒక్కొక్కటి ఏరుకున్న.

దీపావళి తెల్లారి, ఇంక పొగ దిగని రాత్రి,
రెండింటికి లేచి కూసున్నది.
డొక్కలు ఎగిరిపడ్తున్నయి.
నా విజిల్
దాని ఛాతీలకు ఎప్పుడు పోయింది?
నీలం డబ్బా ఊపుతుంటే చేతులు వణికినయి,
స్టాపుల పేర్లన్నీ మరిచిపోయిన,
పదిహేనేండ్ల నుంచి అరిచే పేర్లు.
అది నా చేతిల నుంచి మాస్కు తీసుకొని
తానే మూతికి ఆనించుకున్నది.
ఒక వేలు, రెండు వేళ్లు, మూడు...
నాకు లెక్క చూపిస్త
కోఠి దాక పోయింది.
మళ్లొక బండి. మళ్లొకటి.

పొద్దుగాల దవఖాన నుంచి వచ్చినంక
ఇంత గొంతుతోని అడిగింది:
"రాత్రి టికెట్లు ఇయ్యలే."
పత్రికలు అయిపోయినయి.
చిల్లర లేనప్పుడు అందరికి చేసినట్టే
మిగిలిన ఒక్క ముక్క వెనక రాసిచ్చిన:
బాకీ నాలుగు. కింద నా సంతకం.

ఇప్పుడు మాస్కు అదే తెచ్చుకుంటది.
ఇగ టికెట్ ఎందుకే అంటే
బస్సుల ఆడోళ్లకు నేను చెప్పే మాటే
నాకు అప్పజెప్పింది:
"ఫ్రీ అయినా టికెట్ కొట్టాలె."
ఉత్త గాలిల పంచ్ నొక్కుత. టక్.
చాలట.

ఆ బాకీ కాయితం మాత్రం
పౌడర్ డబ్బాల దాచుకున్నది.
ఎప్పుడు తీసుకుంటవే అంటే,
"దిగేటప్పుడు," అంటది.